అంతరిక్ష కేంద్రము ఏల పడిపోదు?

హైదరాబాదు నగరమధ్యమున అమీరుపేట, పంజగుట్టల సరసన బల్కంపేట యున్నది. ఆషాఢమాసమున ఎల్లమ్మతల్లి కల్యాణోత్సవమునకు మన పల్లెలనుండి జనులు పెక్కుమంది ఆ పేటకు పోవుచుందురు. నిర్మలమైన సాయంకాలమున, ప్రొద్దు క్రుంకిన గంటలోపల, ఆ పేటలోని ఏ మిద్దెపైనుండియైనను ఆకాశమును చూచినచో, కొన్ని దినములలో ఒక తెల్లని వెలుగు పడమటి దిక్కున పొడసూపి, మిణుకుమనక, చప్పుడు చేయక, తూర్పుగా సాగిపోవుట కానవచ్చును. ఇంచుమించు అదే సమయమున నల్లగొండ జిల్లాలో చెరువుకట్టపై నిలిచిన రైతునకును, మెదకు జిల్లాలో బడి ఆవరణమునందున్న బాలునకును ఆ వెలుగే కనిపించును. అది నక్షత్రము కాదు, విమానమును కాదు. మనుష్యులు నివసించుచున్న గృహము. దానిని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమందురు.

అంత బరువైన గృహము ఆధారము లేక ఆకాశమున ఎట్లు నిలిచినది? దానిని ఎవరు త్రోయుచున్నారు? ఒకనాడు అది మన ఊరిపై పడినచో గతి యేమి? గ్రామసభలలో ఇట్టి ప్రశ్నలు పుట్టుట సహజము. 1979వ సంవత్సరమున ‘స్కైలాబు’ అను అంతరిక్ష కేంద్రము కూలిపోవుచున్నదని వార్త వచ్చినప్పుడు, ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పువారు చాలినంతమంది లేనందున మన పల్లెలలో పుకారులు ప్రబలినవి. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులు తెలిసికొని, తోటి గ్రామస్థులకు తెలియజెప్పుటకు వీలగునట్లు ఇచ్చట వివరించుచున్నాము.

కేంద్రము ఎంతటిది, ఎంత ఎత్తున నున్నది?

అమెరికా, రష్యా, ఐరోపా దేశములు, జపాను, కెనడా కలసి ఈ కేంద్రమును నిర్మించినవి. దాని మొదటి భాగమును 1998 నవంబరు 20వ తేదీన ఆకాశమునకు పంపిరి. తక్కిన భాగములను ఒకదాని వెంట నొకటి పంపి, పైననే జోడించిరి. 2000 నవంబరు 2వ తేదీ మొదలు నేటివరకు అది మనుష్యులు లేక ఒక్క దినమైనను ఉండలేదు. సామాన్యముగా ఏడుగురు అందు నివసింతురు. దాని పొడవు 109 మీటర్లు. బరువు సుమారు 420 టన్నులు.

అది భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నది. హైదరాబాదునుండి కాకినాడకు త్రాడు పట్టినట్లు తిన్నగా కొలిచిన ఇంచుమించు అంతే దూరము. ఆ దూరమును అది ఒక్క నిమిషములోపలనే దాటును. ఏలయనగా దాని వేగము సెకనుకు 7 కిలోమీటర్ల 660 మీటర్లు. అనగా గంటకు 27 వేల కిలోమీటర్లకు పైబడినది. ఈ వేగముతో 93 నిమిషములలోపల భూమిని ఒకసారి చుట్టివచ్చును. దినమునకు పదునైదు పదునారు చుట్లు.

400 కిలోమీటర్లు మనకు మిక్కిలి ఎత్తుగ తోచును గాని భూమి పరిమాణముతో పోల్చిన అది స్వల్పమే. ముప్పది సెంటీమీటర్ల వెడల్పుగల గుమ్మడికాయను భూమిగా భావించినచో, కేంద్రము దాని తొక్కకు ఒక సెంటీమీటరు దూరమున, అనగా వ్రేలి వెడల్పు మేర పైన, తిరుగుచున్నట్లు లెక్క.

మంచెపైనుండి విసరిన రాయి

ఇక అది ఏల పడిపోదను ప్రశ్నకు వత్తము. జొన్నచేనిలో మంచెపై నిలిచి వడిసెలతో పిట్టలను తోలు కాపరిని మన మందరము ఎరుగుదుము. మంచెపైనుండి రాయిని ఊరక విడిచినచో అది తిన్నగా మంచె మొదటనే పడును. వడిసెలతో అడ్డముగా విసరిన, వంపుగా సాగి చేను నడుమ పడును. ఇంకను బలముగా విసరిన, చేను దాటి పొరుగువాని పొలములో పడును. మూడు సమయములందును రాయి పడుచునే యున్నది. భేదమంతయు అది ఎచ్చట నేలను తాకుననుటయందే కలదు.

భూమి బల్లపరుపుగ నుండినచో, ఎంత బలముగ విసరినను రాయి ఎచ్చటనో నేలకు తగులకమానదు. కాని భూమి గుండ్రముగ నున్నది. 8 కిలోమీటర్లు తిన్నగా ముందుకు సాగునప్పటికి నేల మన చూపు గీతకు సుమారు 5 మీటర్లు క్రిందికి వంగిపోవును. చేతినుండి జారిన రాయి మొదటి సెకనులో పడునదియు సుమారు 5 మీటర్లే. కావున గాలి అడ్డము లేనిచోట సెకనుకు 8 కిలోమీటర్ల వేగముతో ఒక రాయిని విసరగలిగితిమేని, అది 5 మీటర్లు పడునప్పటికి నేలయు 5 మీటర్లు దిగియుండును. రాయి పడుచునే యుండును. నేల దానికి అందకనే యుండును. ఇట్లు అది భూమిని చుట్టి, విసరినచోటికే తిరిగివచ్చును. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ఐజాకు న్యూటను ఎత్తైన పర్వతముపై నొక ఫిరంగిని ఊహించి, ఈ సంగతిని 300 సంవత్సరములకు పూర్వమే వివరించియుండెను.

అంతరిక్ష కేంద్రము చేయుచున్న పనియు ఇదియే. అది ఆకాశమున వ్రేలాడుట లేదు, ఎడతెగక పడుచున్నది. అయినను దాని అడ్డపు వేగముచే ప్రతిక్షణమును భూమిని తప్పించుకొని పోవుచున్నది. పైన గాలి మిక్కిలి పలుచన గనుక వేగమును హరించునది అల్పము. అందుచే దానిని నిత్యము త్రోయుటకు యంత్రము అక్కరలేదు.

‘అట్లయిన అది తిన్నగా పోక ఏల చుట్టు తిరుగును?’ అని కొందరు అడుగవచ్చును. వడిసెలను త్రిప్పుచున్నంతసేపు రాయిని గుండ్రముగ తిరుగజేయునది త్రాడు. త్రాడు కొస విడువగనే రాయి తిన్నగా దూసికొనిపోవును. కేంద్రమునకు భూమి ఆకర్షణయే ఆ త్రాడు. 400 కిలోమీటర్ల ఎత్తున ఆకర్షణ ఉండదని కొందరు తలంతురు. అది సరికాదు. నేలపై నున్న ఆకర్షణలో నూటికి తొంబదివంతుల వరకు అచ్చటను కలదు. అదియే లేనిచో కేంద్రము తిన్నగా సాగి, భూమిని విడిచి తిరిగిరానంత దూరము పోయెడిది.

ఎత్తు మాత్రమే చాలదు

పైకి పోవుట వేరు, చుట్టు తిరుగుట వేరు. ఈ భేదమును ఒక తెలుగు ఆడపడుచు ప్రయాణము మనకు చక్కగ చూపును. గుంటూరు ప్రాంతమునకు చెందిన బండ్ల శిరీష 2021 జూలై 11వ తేదీన అమెరికాలో ఒక రాకెట్టు విమానమునందు సుమారు 86 కిలోమీటర్ల ఎత్తునకు పోయి, కొన్ని నిమిషములు భారము లేని స్థితిని అనుభవించి, నాడే నేలకు దిగివచ్చెను. ఆ వాహనమునకు ఎత్తు లభించినది గాని చుట్టు తిరుగుటకు వలసిన అడ్డపు వేగము లేదు. అందుచే పైకెగిరిన బంతివలె తిరిగివచ్చినది.

శ్రీహరికోటనుండి లేచు రాకెట్టును చూచినవారు, అది మొదట నిలువుగ లేచి, పిదప సముద్రముపైకి ఒరగుటను గమనించియుందురు. అది దారి తప్పుట కాదు. గాలి దట్టముగ నున్న పొరను త్వరగా దాటి, పిమ్మట అడ్డపు వేగమును కూడబెట్టుకొనుటకే అట్లు ఒరగును. ఒక వస్తువును 400 కిలోమీటర్ల ఎత్తునకు చేర్చుటకు వలసిన శక్తికంటె, దానికి చుట్టు తిరుగు వేగము నిచ్చుటకు సుమారు ఎనిమిది రెట్లు శక్తి కావలెను. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచుండుటచే, తూర్పుగ విడిచిన రాకెట్టునకు ఆ తిరుగుడు కొంత ఊతమిచ్చును. తూర్పుతీరమున శ్రీహరికోటను ఎన్నుకొనుటకు ఇదియు నొక కారణము.

లోపలివారు తేలుచుండుటకు కారణము

కేంద్రములోని మనుష్యులు గాలిలో తేలుచున్నట్లు చిత్రములందు చూచుచున్నాము. అచ్చట ఆకర్షణ లేకపోవుట దీనికి కారణము కాదని పైననే చెప్పితిమి. బావిలోనికి విడిచిన చేద త్రాడు తెగినచో, చేదయు దానిలోని నీరును ఒకే వేగమున పడును. ఆ క్షణమున నీరు చేద అడుగును నొక్కదు. కేంద్రమును, అందలి మనుష్యులును, వారి వస్తువులును అట్లే ఒకే వేగమున పడుచున్నవి. ఒకటి మరియొకదానిని నొక్కదు గనుక భారము తెలియదు. జాతరలో జెయింటు వీలు పైనుండి క్రిందికి దిగునప్పుడు కడుపులో తేలికయైనట్లు తోచునది దీనిలో స్వల్పాంశమే.

ఈ స్థితిని అనుభవించిన మొదటి భారతీయుడు రాకేశ్ శర్మ. ఆయన 1984 ఏప్రిలులో రష్యనుల ‘సల్యూత్ 7’ కేంద్రమునందు దాదాపు ఎనిమిది దినములు అంతరిక్షయాత్ర చేసిరి. తండ్రి హైదరాబాదునుండి అమెరికాకు చదువునకై వెళ్లగా అచ్చటనే పుట్టి పెరిగిన రాజాచారి, 2021 నవంబరునుండి 2022 మే వరకు అంతర్జాతీయ కేంద్రమున నివసించిరి. ఆ కాలములో ఆయన భూమిని సుమారు 2,700 సార్లు చుట్టివచ్చియుందురు. 2025 జూనులో శుభాంశు శుక్లా ఆ కేంద్రమున అడుగిడిన మొదటి భారతీయుడయ్యెను.

ఒక చుట్టునందు మనపైన, మరుచుట్టునందు ఒమానుపైన

కేంద్రము తిరుగుచుండగా దాని క్రింద భూమియు తిరుగుచున్నది. కేంద్రము ఒక చుట్టు పూర్తిచేయు 93 నిమిషములలో భూమి తూర్పునకు సుమారు 23 డిగ్రీలు తిరుగును. కావున ఒకసారి హైదరాబాదు మీదుగ పోయిన కేంద్రము, మరుచుట్టునందు మనకు సుమారు 2,500 కిలోమీటర్ల పడమటగా, మన పల్లెలవారు కూలికి పోవు గల్ఫు సీమలో ఒమాను దేశతీరముపైగా పోవును. భూమధ్యరేఖకు దాని మార్గము 51.6 డిగ్రీలు ఏటవాలుగ నున్నది. అందుచే ఉత్తరమున ఇంగ్లండు దక్షిణభాగమునుండి దక్షిణార్ధగోళమునందు అంతే దూరమువరకు గల దేశములన్నిటిమీదుగను అది పోవుచుండును.

దినమునకు పదునైదు చుట్లు తిరిగినను మనకు ప్రతిదినమును కనిపించదు. దానికి స్వంత వెలుగు లేదు, సూర్యకాంతిచే ప్రకాశించును. ఊరిలో చీకటి పడిన తరువాతకూడ కొండశిఖరముపై ఎండ నిలిచియుండుట చూచుచున్నాము గదా! అట్లే సంధ్యవేళ మనకు చీకటియైనను, 400 కిలోమీటర్ల ఎత్తున దానికి ఎండ తగులుచుండును. నడిరేయి అదియు భూమి నీడలోనే యుండును గనుక కానరాదు. పగలు ఆకాశపు వెలుగులో కానరాదు. కావున ప్రొద్దు క్రుంకిన పిదపను, తెల్లవారుటకు ముందును మాత్రమే చూడదగును. ఒకసారి కనిపించిన, గరిష్ఠముగ ఆరు నిమిషములు కనిపించును. ఒక్కొక్కప్పుడు ఆకాశమధ్యమునందే దీపమార్పినట్లు మాయమగును. అది పడిపోవుట కాదు. భూమి నీడలో ప్రవేశించుట.

బల్కంపేటకు చేరువనే బేగంపేటలో నిజామియా వేధశాల యుండెడిది. 1901లో నవాబు జఫర్ జంగు ఫిసల్‌బండలో నెలకొల్పిన ఈ సంస్థను పిదప నిజాము ప్రభుత్వము స్వీకరించి బేగంపేటకు తరలించినది. అచ్చటి పండితులు ప్రపంచదేశములు కలసి పూనుకొన్న ఆకాశపటనిర్మాణములో పాల్గొని, దూరదర్శినితో ఛాయాచిత్రములు తీసి, లక్షలకొలది నక్షత్రముల స్థానములను లెక్కించిరి. ఒక్కొక్క నక్షత్రము తూర్పున ఉదయించి పడమట అస్తమించుటకు రాత్రియంతయు పట్టును. అంతరిక్ష కేంద్రము పడమటినుండి తూర్పునకు కొలది నిమిషములలో పోవును. ఈ రెండు గుర్తులచే ఎవరైనను దానిని పోల్చుకొనవచ్చును.

ఎత్తు పెరిగినకొలది నడక మందగించును

భూమికి దూరమగుకొలది ఆకర్షణ తగ్గును, చుట్టుదారి పెరుగును. అందుచే ఎత్తున తిరుగునవి నెమ్మదిగ తిరుగును. బల్కంపేటకు ఉత్తరమున కొలది కిలోమీటర్ల దూరములో, బాలానగరమునందు ఇస్రోవారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమున్నది. అది షాద్‌నగరులోని భూకేంద్రము ద్వారా చిత్రములు గ్రహించు ఉపగ్రహములలో కొన్ని 800 కిలోమీటర్ల ప్రాంతమున తిరుగుచు, చుట్టు ఒకటికి సుమారు 100 నిమిషములు తీసికొనును. చెరువులు, పంటలు, అడవులు, వరదలు మొదలగువాని పటములు ఈ విధముగనే తయారగుచున్నవి. 2016లో గ్రామీణ ఉపాధిహామీ పనులను ‘భువన్’ పటముపై గుర్తించుటకు ఏర్పాటు జరిగినది ఈ సంస్థ సహాయముననే.

మీ మిద్దెలపై నున్న టీవీ డిష్షులు చూచు ఉపగ్రహములు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నున్నవి. వానికి ఒక చుట్టునకు ఒక దినము పట్టును. భూమియు అంతకాలముననే ఒకసారి తిరుగును గనుక అవి ఒకేచోట నిలిచినట్లు తోచును. డిష్షును త్రిప్పవలసిన పని లేదు. చంద్రుడు 3,84,000 కిలోమీటర్ల దూరమున నుండి 27 దినములకు పైగా తీసికొనును. ఇవన్నియు ఒకే సూత్రమును అనుసరించి నడచుచున్నవి.

గాలి రాపిడి – స్కైలాబు పతనము

400 కిలోమీటర్ల ఎత్తున గాలి బొత్తిగ లేకపోలేదు, లేశమాత్రము కలదు. ఆ రాపిడిచే కేంద్రము సామాన్యముగ నెలకు ఒకటి రెండు కిలోమీటర్లు దిగుచుండును. కావున అప్పుడప్పుడు, దానికి తగిలించిన సరకుల నౌకల యంత్రములను కొద్దిసేపు నడపి మరల పైకి లేపుదురు. ఈ పని జరుగనిచో ఏమగునో స్కైలాబు చరిత్ర తెలుపును.

77 టన్నుల బరువుగల స్కైలాబును అమెరికావారు 1973 మే 14వ తేదీన సుమారు 435 కిలోమీటర్ల ఎత్తునకు పంపిరి. మూడు జట్లవారు అందు నివసించి, 1974 ఫిబ్రవరిలో విడిచివచ్చిరి. అటుపిమ్మట అది నిర్జనము. క్రొత్త నౌకతో దానిని పైకి లేపవలెనని తలంచిరి గాని, ఆ నౌక 1981 వరకు సిద్ధము కాలేదు. ఈలోపల సూర్యుని ఉద్రేకము హెచ్చి, భూమి పైపొరలలోని గాలి వేడెక్కి ఉబ్బినది. రాపిడి పెరిగి స్కైలాబు అనుకొన్నదానికంటె త్వరగా దిగజారినది.

అది ఎచ్చట పడునో ముందుగ ఖండితముగ చెప్పజాలనందున మన రాష్ట్రమున భయము వ్యాపించెను. ప్రపంచమే అంతమగునని నమ్మి, కొందరు మేకలను, కోళ్లను కోసికొని తినిరనియు, మరికొందరు పశువులను, భూములను అగ్గువకు అమ్ముకొనిరనియు పెద్దలు నేటికిని చెప్పుదురు. ఆ నాటి పల్లెబ్రతుకును కథగా గైకొని 2021లో ‘స్కైలాబ్’ అను తెలుగు చలనచిత్రముకూడ వచ్చినది. తుదకు జరిగినదేమి? 1979 జూలై 11వ తేదీన స్కైలాబు గాలిలో కాలి ముక్కలై, కొంత హిందూ మహాసముద్రమునందును, కొంత ఆస్ట్రేలియా పశ్చిమభాగమున ఎస్పరెన్సు పట్టణ ప్రాంతమునందును పడినది. ఒక్కరికైనను గాయము కాలేదు. మన పంచాయతీవంటి అచ్చటి స్థానిక సంస్థ, తమ నేలపై చెత్త వేసినందుకని అమెరికా అంతరిక్షశాఖకు 400 డాలర్ల జరిమానా విధించెను! స్కైలాబు మన నేలను తాకనే లేదు. భయపడి అమ్ముకొన్నవారికి మాత్రము నష్టము మిగిలినది.

ఇకముందు జరుగబోవునది

నేటి అంతర్జాతీయ కేంద్రమును ఇట్లు విధికి విడువరు. 2030 వరకు పనిచేయించి, అటుపిమ్మట దింపవలెనని ప్రస్తుత నిర్ణయము. తేదీ ముందువెనుక కావచ్చును. దానికై ఒక ప్రత్యేక నౌకను నిర్మించుటకు 2024 జూనులో స్పేస్ ఎక్స్ సంస్థకు పని అప్పగించిరి. మనుష్యులు ముందుగనే దిగివత్తురు. పిదప ఆ నౌక కేంద్రపు వేగమును తగ్గించి, పసిఫిక్ మహాసముద్రమున జనావాసములకు మిక్కిలి దూరమైన చోట పడునట్లు చేయును. రష్యనుల ‘మీర్’ కేంద్రమును 2001 మార్చి 23వ తేదీన ఇట్లే ఆ సముద్రమున దింపిరి. మన దేశమును 2035 నాటికి స్వంత అంతరిక్ష కేంద్రమును నెలకొల్ప సంకల్పించి, మొదటి భాగమునకు 2024 సెప్టెంబరులో ఆమోదమిచ్చినది.

దిగు దినము సమీపించినకొలది సెల్‌ఫోనులలో పుకారులు మరల లేచుట తప్పదు. 1979లో మాట నోటినుండి నోటికి పోయెను. నేడు ఒక నిమిషమున జిల్లాయంతయు వ్యాపించును.

పంచాయతీ సభ్యులు చేయదగినది

ఆకాశమునుండి వస్తువులు ఎన్నడును పడవని మేము చెప్పుట లేదు. 2022 ఏప్రిల్ 2వ తేదీ రాత్రి మహారాష్ట్రమున చంద్రపూరు జిల్లా లాడ్‌బోరీ గ్రామమున పెద్ద లోహపు కడియ మొకటి పడెను. అది చైనా రాకెట్టు శకలమై యుండునని నిపుణులు భావించిరి. అదే సంవత్సరము డిసెంబరులో మన వికారాబాదు జిల్లా మర్పల్లి మండలమున వింత గుండ్రని గది దిగగా జనులు గుమిగూడిరి. అది అంతరిక్షమునుండి వచ్చినది కాదు. హైదరాబాదునుండి బెలూను ద్వారా పరీక్షకై పంపిన పరికరము.

ఇట్టి వస్తువు ఊరి పొలిమేరలో కనిపించినచో, దానిని తాకకూడదు. ముక్కలు ఇండ్లకు కొనిపోకూడదు. రాకెట్టు భాగములలో విషపదార్థములు మిగిలియుండవచ్చును. పిల్లలను, పశువులను దూరముగ నుంచి, వెంటనే తహసీలుదారునకును, పోలీసు ఠాణాకును తెలుపవలెను. నష్టము కలిగినచో, దానిని ప్రయోగించిన దేశమే పరిహారము చెల్లింపవలెనని 1972 నాటి అంతర్జాతీయ ఒడంబడిక విధించుచున్నది. కావున పడినచోటు చెదరకుండ కాపాడుట గ్రామమునకే మేలు. పుకారు విన్నప్పుడు ఆస్తులు అమ్మవలదని దండోరా వేయించి, అధికారులనుండి నిజము తెలిసికొని గ్రామసభలో చదివి వినిపింపవలెను.

అంతకుముందు చేయదగిన పని యింకొకటి కలదు. కేంద్రము ఏ ఊరిపై ఎన్ని గంటలకు కనిపించునో తెలుపు పట్టికలను అమెరికా అంతరిక్షశాఖవారు ఉచితముగ ఇచ్చుచున్నారు. బడి ఉపాధ్యాయుని సహాయమున ఆ వేళను తెలిసికొని, ఒక సాయంకాలము పిల్లలను పెద్దలను పంచాయతీ కార్యాలయము ముంగిట చేర్చి, ఆ వెలుగును చూపింపుడు. వడిసెల రాయి ఉదాహరణమును అప్పుడే చెప్పుడు. కన్నులార చూచి కారణము తెలిసికొన్న బాలుడు, రేపు ఎవరో ‘ఆకాశము కూలుచున్నది’ అని చెప్పిన, తన తండ్రి ఎడ్లను అమ్మకుండ ఆపగలడు.